మాల తీసినంక

మోదుగు పూసింది.

ఒక్క ఆకు లేదు. కొమ్మకొమ్మకూ కాషాయం... వాసన లేని పువ్వు, నీడ లేని చెట్టు.

గంగయ్య వాకిట్లో కూర్చుని దాన్నే చూస్తున్నాడు. ఇష్టమై కాదు. మెడ తిప్పితే ఇల్లు కనబడుతుంది — వనజ లేని ఇల్లు. అందుకని చెట్టును చూస్తున్నాడు.

ఎదురుగా శ్యాంసుందర్ నిలబడ్డాడు. మంచిర్యాలలో ఎరువుల దుకాణం ఉన్నవాడు. చేతిలో పళ్లెం. పళ్లెంలో కొబ్బరికాయ, పూసల మాల, మడత విప్పని కాషాయం పంచె. గంగయ్య చేతుల మీదుగా అంజన్న మాల వేసుకోవాలని వచ్చాడు. గంగయ్య గురుస్వామి. నస్పూర్‌లో ఎందరి మెడలోనో మాల వేసిన చెయ్యి అది. భార్య చనిపోయిన ఏడాది మైల ఈమధ్యే తీరిందని తెలుసుకుని మరీ వచ్చాడు.

గేటు బయట శ్యాంసుందర్ భార్య. లోపలికి రాలేదు.

కరీంనగర్‌లో ఆపరేషన్ అయిందని చెప్పాడు. ప్రోస్టేట్ గ్రంథికి క్యాన్సర్ వస్తే తీసేశారని, దేవుడి దయతో బతికి బయటపడ్డానని. మొక్కు తీర్చుకోవాలన్నాడు. మొక్కు అన్నప్పుడు అతని కళ్లు నేలమీదికి దిగాయి.

ఆ చూపు గంగయ్యకు తెలుసు.

నేలమీద ఏమీ ఉండదు.

అదే గ్రంథి. అదే కరీంనగర్. గంగయ్య బొగ్గుబాయి పని నుంచి దిగిపోయిన ఏడు. డాక్టరు చిన్నవాడు, కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. రోగం పోయింది, నరాలు దెబ్బతిన్నాయి. మగతనం వెంటనే రాదు. ఒక్కోసారి తనంతట తాను రాదు. గోలీలున్నాయి. గోలీలతో కాకుంటే సూది ఉంది, పంపు ఉంది. మూత్రం కారకుండా కండరాలు బిగబట్టే కసరత్తు ఉంది. ఆలస్యం చెయ్యొద్దు. ఈసారి వచ్చేటప్పుడు మీ ఆవిడను కూడా తీసుకురండి, ఇది ఇద్దరి సంగతి.

ఇద్దరి సంగతి —

ఆ ముక్కకే గంగయ్య లేచి బయటికి వచ్చాడు.

బయట బెంచీమీద వనజ. ఒళ్లో సద్దిగిన్నె.

"ఏమన్నడు డాక్టరు?"

"అంత మంచిగనే ఉన్నదన్నడు."

అంతే. అబద్ధం అంత చిన్నగా పుట్టింది. అరచేతిలో ఇమిడేంత.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం. ఫ్యాను కింద ఇద్దరూ నడుం వాల్చారు. వనజ చెయ్యి వచ్చి అతని ఛాతీమీద పడింది. గాజుల చప్పుడు. ఆ చెయ్యి ఏమీ అడగలేదు. ఊరికే పడింది.

అతను అడిగిందనుకున్నాడు.

చెయ్యి తీసి పక్కన పెట్టాడు — గిన్నె జరిపినట్టు.

మర్నాడు పొద్దున్నే దోస్తు వెంకటి దగ్గరికి పోయి మాల వేసుకున్నాడు.

అప్పుడూ మోదుగు పూసే ఉంది.

మాలలో ఉన్నవాడికి చాప వేరు. గిన్నె వేరు. గది వేరు. భార్యకైనా అతను స్వామే, ముట్టుకోకూడదు. ఎందుకని ఎవరూ అడగరు. అడగకపోగా మొక్కుతారు.

ఎంత మంచి గోడ! ఇటుక లేదు, సిమెంటు లేదు. మెడలో పూసలు.

వనజ మొదట సంబరపడింది. దేవుడు బతికించాడు, మొక్కుతున్నాడు అనుకుంది. వంట చేసి గుమ్మం అవతల నిలబడి, స్వామీ భిక్ష తయారైందని పిలిచేది. మండలం నిండింది. కొండగట్టు ఆంజనేయుడి గుడికి పోయి మాల విప్పి వచ్చాడు. ఆమె చాప చుట్టి మూలకు పెట్టింది, మంచాలు దగ్గరికి జరిపింది.

వారం తిరక్కుండానే చాప మళ్లీ పరుచుకుంది.

ఎండాకాలం అంజన్న. చలికాలం అయ్యప్ప. మాఘంలో శివుడు. నడుమ ఖాళీ దొరికితే ఏదో మొక్కు మిగిలిందని ఇంకో మాల. ఊరు అతన్ని గురుస్వామిని చేసింది. ఊరికి ఏం తెలుసు... ఊరికి కాషాయం కనిపిస్తే చాలు.

పూజయ్యాక వనజ వంగి అతని పాదాలకు నుదురు ఆనించేది. వెచ్చటి నుదురు. ఏళ్లతరబడి ఆమె ఒళ్లు అతని ఒంటికి తగిలింది అంతమేరే.

అతను దీవించేవాడు. సిగ్గులేని చెయ్యి.

పంచెలు తడిసేవి. తుమ్మితే తడి. బిందె ఎత్తితే తడి. స్వామి పొద్దునా మాపూ స్నానం చేస్తాడు గనుక ఎవరికీ తెలియదనుకున్నాడు. పంచెలు ఉతికింది ఎవరు? వనజ. వేరే బకెట్లో నానబెట్టి, రెండోసారి సబ్బు పెట్టి, దండెంమీద ఆరేసేది. ఒక్కనాడూ నోరు విప్పలేదు.

ఆమెకు తెలుసేమో. తెలిసీ, అతను చెప్పేదాకా ఆగిందేమో.

ఆ 'ఏమో'ను గంగయ్య ఇప్పటికీ నములుతున్నాడు. అది మెత్తబడదు.

ఒక్కసారి మాత్రం — ఒక మాల విప్పి ఇంకో మాల వేసుకోబోయే ముందు — దండెం దగ్గర నిలబడి నవ్వుతూ అంది.

"గీ దేవుండ్లందరు అయిపోయినంక ఏం జేస్తవయా?"

అతను నవ్వలేదు. మర్నాడు మెడలో కొత్త పూసలు.

అప్పటికే ఆమె రొమ్ములో గడ్డ.

చింతగింజంత ఉన్నప్పుడు ఆమె చేతికి తగిలింది. నిమ్మకాయంత అయ్యేదాకా ఇంకెవరి చేతికీ తగలలేదు.

తగలడానికి ఎవరున్నారు... ఇంట్లో ఉన్నది స్వామి.

చెయ్యి పైకి లేవక, చీర ముడి చేతకాక, అప్పుడు బయటపడింది. మళ్లీ కరీంనగర్. ఈసారి డాక్టరమ్మ. ఇంత ముదిరేదాకా ఏం చేశావమ్మా అని కసిరింది. వనజ తన పక్కనున్న కాషాయాన్ని చూసింది. చూసి, తప్పు తనదే అన్నట్టు చెప్పింది.

"మాలల ఉన్నడు మేడమ్. గీ మైల ముచ్చట స్వామి చెవుల ఎట్లెయ్యాలె? మాల తీసినంక చెప్దామనుకున్న."

కొంగు దగ్గరికి లాక్కుంది.

"తీసుడే లేదు."

మోదుగు ఆకు రాలుతున్న రోజుల్లో ఆమె మంచం పట్టింది. గంగయ్య మంచం పక్కన కూలబడ్డాడు. ఏళ్ల మాట గొంతుదాకా వచ్చింది — ఆసుపత్రి బెంచీ దగ్గర మింగిన మాట. నీకొక ముచ్చట చెప్పాలె అన్నాడు.

ఆమె కళ్లు తెరవలేదు.

"మాల తీసినంక చెప్పు, స్వామీ."

ఎగతాళి చేసిందా? అలసిపోయిందా? తెలియదు. అడుగుదామంటే మనిషి లేదు.

ఇంట్లో చావైతే మెడలో మాల నిలవదు. వనజను వాకిట్లో పడుకోబెట్టారు. వెంకటి వచ్చి, గంగయ్య తల వంచి, మాల తీశాడు.

తీసినంక... చెప్పడానికి ఏముంది, ఎవరున్నారు.

శ్యాంసుందర్ పళ్లెం ముందుకు చాచాడు. గంగయ్య చెయ్యి కదపలేదు.

"డాక్టరు ఆమెను తోల్కరమ్మన్నడా?"

శ్యాంసుందర్ మొహంలో నెత్తురు లేదు. గేటు వైపు ఒక చూపు చూసి గొంతు తగ్గించాడు.

"గది ఆడోళ్లకు చెప్పే ముచ్చటనా, గురుస్వామీ?"

"నేను స్వామిని కాదు. గేటు కాడనే ఉన్నది, పో. ముందుగాల ఆమెకు చెప్పు. గోలీలున్నయి, పంపులున్నయి, ఇద్దరు పోయి అడుగుండ్రి. ఏం పని చెయ్యకున్నా మంచిదే, పక్క పొంట పండుకో. చెయ్యేస్తే తీయకు." గంగయ్య ఊపిరి పీల్చుకున్నాడు. "మాల నేనెయ్య."

శ్యాంసుందర్ పళ్లెం వెనక్కి లాక్కున్నాడు. పెండ్లాం పోయి ముసలోనికి మతి చెడిందని, గేటు దాటకముందే, వినబడేలాగే అన్నాడు.

మర్నాడు పొద్దున రోడ్డుమీద కాషాయం కనబడింది. వెంకటి వేశాడు మాల. వెంకటికి ఏం పోయింది. శ్యాంసుందర్ ముందు నడుస్తున్నాడు, చెప్పుల్లేకుండా, చకచకా. భార్య చాలా వెనక.

"స్వామీ, జర ఆగు."

స్వామి ఆగలేదు. వెనక్కి చూడలేదు.

గంగయ్య లేచాడు. గేటు దాకా వచ్చాడు. గేటుమీద చెయ్యి వేశాడు. ఆమెను పిలవాలి... ఏమని? పరాయి ఆడమనిషికి ఏ మాటతో మొదలుపెట్టాలి?

సొంత మనిషికే మొదలుపెట్టలేదు.

రోడ్డవతల మోదుగు నిండుగా పూసింది. వాసన లేని పువ్వు, నీడ లేని చెట్టు.

దాని కింద ఆమె ఆగింది — నీడ ఉంటుందనుకుని.