చెల్లెలి చేతికి విల్లు

కుర్చీల మేస్త్రి చేసిన రెండో విల్లు నెల రోజులుగా దుకాణం వెనక గదిలో మేకుకు వేలాడుతూనే ఉంది. చిత్రిక పట్టడం అయింది, ఆకురాయి పెట్టడం అయింది, నూనె పూయడం కూడా అయిపోయింది. అయినా ఎవరికోసం చేశాడో ఆ మనిషికి మాత్రం ఇవ్వడు. భార్య అడిగితే నూనె ఇంకా ఆరాలంటాడు. నూనె ఆరడానికి నెలా? అబద్ధమైనా అతికినట్టు ఉండాలి కదా! అసలు సంగతి భయం. మొదటి విల్లు ఏమైందో తెలిస్తే ఎవరికైనా ఆ భయం వేస్తుంది.

ఆ విల్లూ చెల్లెలి కోసమే చేశాడు. చెల్లెలు సిటీ బస్సు నడుపుతుంది. తండ్రి పోలిక, నిట్టనిలువు మనిషి. మేస్త్రికేమో తల్లి పోలిక వచ్చి, పొట్టిగా, గట్టిగా, తాను చేసే స్టూళ్ళలా ఉంటాడు. పొద్దంతా స్టీరింగు తిప్పి భుజాలు పట్టేసిన ఆమెకు, సాయంత్రం విలువిద్య క్లబ్బు మైదానంలో నాలుగు బాణాలు వేస్తే గాని ప్రాణం తెరిపిన పడేది కాదు. అక్కడ అందరివీ కొన్న విళ్ళే. మా అన్నయ్య చేత చెక్కించుకుంటాను చూడండని గొప్పలు పోయింది. అన్నగారూ తక్కువ తినలేదు. కుర్చీ వీపులు వంచినవాడికి విల్లు వంచడం ఓ లెక్కా అన్నాడు. చెట్టు ఏటేటా వేసుకునే పొరల్లో ఒక్కదాన్నే పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా అది తెగకుండా చెక్కాలని తెలుసుకున్నాడు. తెగకుండానే చెక్కాడు కూడా. పనిలో వంక పెట్టడానికి లేదు.

అలాంటి విల్లు పోయిన చలికాలం ఆమె చేతుల్లోనే ఫట్టుమని విరిగింది. ముక్క ఎగిరి ఎడమ కనుబొమను చీల్చింది. కంటికి రావలసింది కనుబొమతో పోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు గాని, అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. క్లబ్బు పెద్దాయన ముక్కలు అటూ ఇటూ తిప్పి చూసి, బాణం పెట్టకుండా ఉత్త తాడు లాగి వదిలేసి ఉంటుంది, అలా వదిలితే ఎంత మంచి విల్లయినా పగులుతుందని తేల్చేశాడు. ఆమె కాదంది. బాణం పెట్టానని, పూర్తిగా లాగానని, వదలకముందే విరిగిందని చెప్పింది. నేలమీద బాణాలు బోలెడు పడి ఉన్నాయి. వాటిలో ఆమెది ఏదో ఎవరు చెప్పగలరు?

అప్పుడు మేస్త్రి ఒక్క మాట అన్నాడు. "నేను ఎన్నిసార్లు లాగి చూశానో నాకే తెలీదు. నా చేతిలో విరగనిది నీ చేతిలో ఎలా విరిగింది?"

ఆ ఒక్కటే చాలింది. ఆమె క్లబ్బు మానేసింది. అడిగితే టైము లేదంది. అన్నగారింటికి వస్తుంది, నవ్వుతుంది, వదినతో గంటలకొద్దీ కబుర్లాడుతుంది. విల్లు మాట వచ్చిందా, లేచి వెళ్ళి గ్లాసులు కడుగుతుంది. కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతుంది.

మేస్త్రి ఊరుకోలేకపోయాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడందన్నట్టు కలప అడితివాణ్ణి నోరారా తిట్టొచ్చాడు. ఆ తిట్టినవాడి దగ్గరే ఇంకో మంచి దుంగ ఏరుకుని తెచ్చి రెండో విల్లు చెక్కాడు. దాన్నీ లాగి చూశాడు. ఏమీ కాలేదు. మొదటిది మాత్రం తన చేతిలో ఏమైంది గనక! తెలిసిన తప్పయితే దిద్దుకుంటాడు. తెలియని తప్పు విల్లులో ఎక్కడ దాక్కుందో, దాన్ని ఏ ఆకురాయితో అరగదీస్తాడు? ఈసారి కనుబొమతో పోతుందన్న పూచీ ఏమిటి? అందుకే నూనె ఆరలేదు.

ఇంతలో చలి మొదలైంది. మేస్త్రి భార్య బట్టలు కుడుతుంది. పొట్ట పెరిగి గుండీలు పట్టని భర్త కోటును వృథాగా పారేయడం ఎందుకని, ఆడపడుచుకు సరిచేసి ఇద్దామనుకుంది. సెలవురోజు మధ్యాహ్నం ఆమెను పిలిపించి, వెలుతురు బాగుంటుందని వెనక గదిలోనే నిలబెట్టి కోటు తొడిగింది. మేస్త్రి ఓ మూల కూర్చుని కుర్చీ కాలికి జిగురు పూస్తున్నాడు. చెల్లెలు మేకు ఉన్న గోడవైపు వీపు పెట్టి నిలుచుంది. అటు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నట్టే ఉంది.

"భుజాలు బానే కుదిరాయి గానీ, ఇవేం చేతులే తల్లీ," అంది వదిన. "మీ అన్నయ్య కోటు నీకు సగంలోనే ఆగిపోయింది. గుడ్డ అతకందే కుదరదు."

మేస్త్రి తలెత్తి చూశాడు. కోటు చెయ్యి దాటి చెల్లెలి మణికట్టు బయటికి వచ్చేసి ఉంది. నాలుగువేళ్ళ మేర ఉత్త చెయ్యే. ఆయన దాన్ని చూస్తూ అలాగే ఉండిపోయాడు. జిగురు కుర్చీ కాలి మీదుగా కారి చెప్పు మీద పడుతున్నా చూసుకోలేదు. ఆ తర్వాత ఒక్క ఉదుటున లేచి, చెల్లెలి మోచెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కుపోయాడు. కోటుకు పెట్టిన గుండుసూదులు ఊడతాయని భార్య అరుస్తూనే ఉంది.

గోడకు నిలువునా ఒక చెక్క బిగించి ఉంది. విల్లు వంపు చూసుకునేది దాని మీదే. విల్లు నడుమును పైనున్న గాడిలో కూర్చోబెట్టి, తాడును కప్పీ మీదుగా కొంచెం కొంచెంగా కిందికి లాగుతూ, నడుముకు అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ సమంగా వంగుతున్నాయా లేదా చూడాలి. మొండికేసిన చోట గీకాలి, మళ్ళీ లాగాలి. ఎక్కడిదాకా లాగాలో అక్కడ ఎర్ర పెన్సిలు గీత ఉంటుంది. తాడు ఆ గీతను తాకితే విల్లు తయారైనట్టే. ఆ గీత మేస్త్రి తన చెయ్యి చాపి కొలుచుకుని పెట్టినది. ఆయన అలవాటే అంత. ఏ కుర్చీ చేసినా తానే కూర్చుని చూస్తాడు. తన నడుముకు నప్పితే లోకమంతటికీ నప్పినట్టే.

"విల్లు లాగినట్టు చేతులు పెట్టు," అన్నాడు చెల్లెలితో.

ఆమె వదినవైపు చూసింది. వదినకూ ఏమీ అర్థం కాలేదు. సరేలెమ్మని చెల్లెలు ఎడమ చెయ్యి చాపి, కుడిచెయ్యి చెంపదాకా తెచ్చింది. ఏడాదిగా చెయ్యని పనే అయినా చేతులు మరిచిపోలేదు. భార్య మెడలోని టేపు లాక్కుని మేస్త్రి కొలిచాడు. ఆ కొలత చెక్కమీద పెట్టి చూస్తే, ఎర్ర గీత దాటి ఇంకా రెండంగుళాలు కిందికి వచ్చింది. మళ్ళీ కొలిచాడు. అంతే వచ్చింది.

"నా గీతదాకానే వంగడం నేర్పాను దానికి," అన్నాడు. "నువ్వు దాటి లాగావు. నీ చెయ్యి అంత పొడుగు మరి. నేర్పని చోటికి లాగితే ఏ చెక్కయినా విరుగుతుంది."

చెల్లెలు ఆ గీతను వేలితో తడిమింది.

"అయితే నేను ఉత్త తాడు వదల్లేదు."

"వదల్లేదు."

"అప్పట్నుంచీ అదే చెబుతున్నాను."

"చెప్పావు. నేనే వినలేదు."

ఆమె సగం అయిన కుర్చీలో కూలబడి ఏడ్చింది. బాధతో కాదు. ఎన్నాళ్ళనుంచో మోస్తున్న బరువు ఎవరో దించినట్టయి ఏడ్చింది. కోటు చేతితోనే ముక్కు తుడుచుకుంది. ఎలాగూ కొత్త గుడ్డ అతకాల్సిందేగా అని వదిన కూడా చూసీ చూడనట్టు ఊరుకుని, తన కళ్ళు తాను ఒత్తుకుంది. మేస్త్రికి ఏం చెయ్యాలో తోచక చెప్పుమీది జిగురు తుడవబోయి వేళ్ళన్నీ అంటించుకున్నాడు.

తేరుకున్నాక మేకుకున్న విల్లును చెల్లెలే దింపి తెచ్చింది. తాడు తానే లాగుతానంది, అన్నను దూరంగా నిలబడి వంపు చూడమంది. మేస్త్రి వద్దనబోయి నోరు మూసుకున్నాడు. ఆమె కొలత దగ్గర కొత్త గీత గీశాడు. అప్పుడు ఆమె లాగుతుంటే ఆయన ఆపమనడం, దింపి, పూసిన నూనె మీదే గాజుపెంకుతో గీకడం, మళ్ళీ ఎక్కించడం. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గాని, తొందరపెట్టకపోతే మానూ వంగుతుంది. ఎర్ర గీత దాటేటప్పుడు విల్లు కిర్రుమంది. ఆమె తాడు మాత్రం వదల్లేదు. ఆయన వచ్చి రెక్కల మీద చెయ్యి పెట్టి తడిమి, ఒక రెక్క బిర్రుగా ఉన్నచోట ఇంకాస్త గీకాడు. ఆ తర్వాత తాడు కొత్త గీత మీదికి చప్పుడు లేకుండా వచ్చింది. మళ్ళీ మళ్ళీ లాగినా అలాగే వచ్చింది. రెండు రెక్కలూ ఒక్క తీరున వంగాయి.

ఎండ ఇంకా ఉండగానే దుకాణం వెనక సందులోకి వెళ్ళారు. వదిన గుడ్డపేలికలు కుక్కిన గోనెసంచిని అవతలి గోడకు ఆనించి వచ్చింది. చెల్లెలు బాణం తొడిగింది. విల్లు విరుగుతుందేమోనన్న బెంగ మేస్త్రికి ఇప్పుడు లేదు. రెక్కలు తడిమి చూసిన తన చేతుల మీద నమ్మకం ఉంది. అయినా ఆమె తాడు లాగుతుంటే కనుబొమ మీది మచ్చే కనిపించింది. ఇక చూడలేకపోయాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ళకు జిగురు ఇంకా అంటుకునే ఉంది.

తాడు చప్పుడు వినిపించింది. అవతల గోనెసంచిలో ధప్పున ఏదో దిగింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

చెల్లెలు దగ్గరికొచ్చి ఆయన చేతులు మొహం మీదినుంచి ఒక్కొక్కటే లాగింది.

"కళ్ళు తెరువు అన్నయ్యా," అంది నవ్వుతూ. "నావి రెండూ ఉన్నాయి."