ఇరవై ఏడో నంబరు

బదిలీ దరఖాస్తులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. అందులో నేను 'కుటుంబ పరిస్థితులు' అని రాశాను. మా కుటుంబానికి కొత్తగా వచ్చిన పరిస్థితులేమీ లేవు. చోడవరం దగ్గర మా నాన్న ఎప్పటిలాగే చెరుకు వేసుకుంటున్నాడు, మా అమ్మ ఎప్పటిలాగే ఆయన్ని సాధిస్తోంది. ఆఫీసు గుమాస్తా అచ్యుతరామయ్య గారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, మొదటి ఏడు వాల్తేరులో చదివి రెండో ఏడుకి వరంగల్ పోయేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానయ్యా శ్రీరామ్మూర్తీ అన్నారు. అక్కడ మా మేనమామ ఉన్నాడని చెప్పాను. ఆ కాగితాల్లో నిజమంటూ ఉంటే అదొక్కటే.

అసలు కారణం ప్రతి సోమవారం మా క్లాసు బయట వరండాలో కూర్చునేది. ఆమె పేరు పోతమ్మ.

పోతమ్మ కొడుకు అర్జునరావు హాస్టల్లో నా గదిలోనే ఉండేవాడు. ఎమ్మే ఎకనామిక్సులో వాడిది ఇరవై ఏడో నంబరు, నాది ఇరవై ఎనిమిది. వాళ్ళ జాలారిపేట వీధి నుంచి యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటివాడు వాడే. నన్ను బావా అనేవాడు కాబట్టి నేను వాళ్ళమ్మను అత్తా అనేవాణ్ణి. వాడి నాన్న సముద్రంలోనే పోయాడు. అందుకని కొడుకు తెప్ప ఎక్కకూడదని పోతమ్మ ఒట్టు వేయించుకుంది. వాడు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాడు. పెళ్ళాం పిల్లలు లేని చిన్నాన్నకి తోడు దొరకనప్పుడల్లా తెల్లవారకుండా హాస్టల్ నుంచి చేపల వేటకి జారుకునేవాడు. ఆ రోజుల్లో వాడి హాజరు నేను పలికేవాణ్ణి. తల వంచి, గొంతు కాస్త లావు చేసి 'ప్రెజెంట్ సార్' అంటే సరిపోయేది. మా లెక్చరర్ గారు రిజిస్టరులోంచి తల ఎత్తితే కదా.

డెబ్బై ఎనిమిది డిసెంబరులో ఒక సోమవారం వాడు నన్ను తట్టి లేపి, "నా అటెండెన్స్ సూసుకో బావా," అని వెళ్ళిపోయాడు. పది గంటలకి నేను చూసుకున్నాను. అప్పటికే గాలి తిరిగింది. తెప్ప అప్పటికే తిరగబడి ఉంటుంది. మూడో రోజు చిన్నాన్న శవం భీమిలి దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అర్జునరావు రాలేదు.

చీకట్లో తెప్ప మీద రెండో మనిషి ఎవరో పేటలో ఎవరూ చూడలేదు. అనుమానం వచ్చి పేట పెద్దలు పోతమ్మను వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చారు. అచ్యుతరామయ్య గారు రిజిస్టరు తీసి, సోమవారం గడి మీద వేలు పెట్టి, మీవాడు ఆ రోజు పది గంటలకి క్లాసులోనే ఉన్నాడమ్మా అని చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. నెల కిందటే ఇంకొకడి హాజరు పలికి దొరికిపోయినవాణ్ణి మూడు నెలలు బయటికి పంపేశారు. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

పోతమ్మ ముఖం వెలిగిపోయింది. "పది గంటలకి బళ్ళో ఉన్నోడు తెల్లారగట్ల తెప్పెలాగెక్కుతాడు? సిన్నాన్న పోయినాడని తెలిసి బెదిరి ఎటో పోయుంటాడు. ఒచ్చేత్తాడు," అంది. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది గానీ, ఆ ముఖం చూసి నాకూ ఒక్క క్షణం హాయిగా అనిపించింది. వాడు నిజంగానే క్లాసుకి వచ్చాడేమో అనిపించింది.

శవం దొరకనివాడికి గడ్డిబొమ్మ చేసి కర్మ జరిపించాలనీ, లేకపోతే ఆ ప్రాణి ఒడ్డు పట్టుకుని తిరుగుతూనే ఉంటుందనీ పెద్దలు ఎంతో చెప్పారు. బతికున్నవాడికి కర్మేటని పోతమ్మ వాళ్ళ మీద పడింది. రోజూ కొడుకు కంచంలో అన్నం పెట్టి మూత వేసేది. కొడుకు పేరు కొట్టెయ్యొద్దని అచ్యుతరామయ్య గారి కాళ్ళు పట్టుకుంది. ఆయన జాలిపడి ఆ పేరు అలాగే ఉంచారు.

అప్పటినుంచి సోమవారం సోమవారం చేపలమ్ముకుని, ఖాళీ గంపతో వచ్చి మా కిటికీ కింద కూర్చునేది. లెక్చరర్ గారు ఇరవై ఆరు దాకా గడగడా పిలిచేవారు. ఇరవై ఏడు అనేవారు. ఎవరూ పలికేవారు కాదు. కిటికీలోంచి నీచు వాసన లోపలికి వచ్చేది. తరవాత నా నంబరు పిలిచేవారు, నేను పలకాలి. నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. హాస్టల్లో నిద్రపోతే అదే గొంతు, అర్జునరావు ఖాళీ మంచం వైపు నుంచి 'ప్రెజెంట్ సార్' అనేది.

ఫిబ్రవరిలో ఒక సోమవారం జరిగింది మాత్రం చచ్చేదాకా మరిచిపోలేను. ముందురోజు రాత్రి కన్ను మూతపడలేదు, బెంచీ మీద కునుకుతున్నాను. ఇరవై ఏడు అని వినపడగానే, పాత అలవాటున, నా నోట్లోంచి లావు గొంతుతో 'ప్రెజెంట్ సార్' అని వచ్చేసింది. లెక్చరర్ గారు తల ఎత్తకుండానే టిక్కు పెట్టేశారు. వరండాలో గంప దొర్లిన చప్పుడైంది. పోతమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒక్కొక్క బెంచీనీ, ఒక్కొక్క ముఖాన్నీ చూసింది. నేను తల వంచేసుకున్నాను. ఆమె వెళ్ళిపోయి మళ్ళీ కిటికీ కింద కూర్చుంది. పై సోమవారం కూడా వచ్చింది. పరీక్షలదాకా ఒక్క సోమవారం మానలేదు.

వరంగల్లో సీటు ఖాయమైంది. జూన్‌లో టీసీ చేతికొచ్చింది, అందులో ప్రవర్తన మంచిదని కూడా రాశారు. ఆ కాగితం పెట్టెలో పడ్డాక గానీ నాకు జాలారిపేట దారి గుర్తు రాలేదు. నా ధైర్యం అలాంటిది. సాయంత్రం బండికి టిక్కెట్టు ఉంది. మధ్యాహ్నం ఎండలో ఇసుకలో పడి వెళ్ళాను.

పోతమ్మ గుమ్మం ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. లోపల గోడవారన మూత వేసిన కంచం కనిపించింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. వాడు నన్ను లేపింది, వేటకి వెళ్ళింది, పది గంటలకి వాడి బదులు నేను పలికింది, ఆఫీసులో నోరు మూసుకున్నది, అన్నీ. తిడుతుందనుకున్నాను. ముఖాన కారం కొట్టినా పడేవాణ్ణి.

ఆమె చేపలు తిరగెయ్యడం ఆపలేదు. "మావోడి గొంతు నాకు తెల్దా బాబూ. ఆ పాలి బళ్ళో పలికింది ఆడు కాదని ఇనగానే తెలిసిపోనాది. గుమ్మంలోకొచ్చి సూసినాను. నువ్వొక్కడివే తలొంచుకున్నావు."

మరి అప్పుడే ఎందుకు అడగలేదని అడిగాను.

"అడిగితే నేదంటావు. నువ్వు నేదంటే నాను నమ్మేత్తాను," అంది. "అందుకే నీయంతట నువ్వే సెప్తావని కూకున్నాను. ఇన్నాళ్ళు పట్టింది నీకు."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్ళి కంచం మూత తీసి, అన్నం తెచ్చి ఇసుకలో కాకులకి పెట్టింది. తరవాత కొంగుకి చేతులు తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది.

"రేపు ఆడి కర్మ సేయిత్తాను. నువ్వుండు. బళ్ళో ఆడి బదులు పలికినావు. రేపు ఆణ్ణి నువ్వే పిలవాల."

ఆ సాయంత్రం బండి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న గడ్డిబొమ్మకి అర్జునరావు చొక్కా తొడిగి పాడె మీద పెట్టారు. వీధి చివర ఆడవాళ్ళు ఆగిపోయారు. పోతమ్మ కూడా అక్కడే నిలబడింది. ఒడ్డు దగ్గర, దింపుడు కళ్ళంలో పాడె దించారు. చచ్చినవాడి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిస్తే, ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతాడని అక్కడ పిలుస్తారు. పేట పెద్ద నాకు సైగ చేశాడు.

వంగి, గడ్డి చెవి దగ్గర, "అర్జునరావూ," అన్నాను. అందరూ చెవులు రిక్కించి ఆగారు. వరండాలో ఆమె కూడా ఇలాగే వినేది కాబోలు. రెండోసారి పిలిచాను. నా గొంతు అడుగునుంచి ఇంకో గొంతు, లావుది, నాకు బాగా అలవాటైనది, పైకి వస్తోంది. మూడోసారి పిలిచి, రెండు చేతులతో నా నోరు నేనే గట్టిగా నొక్కి పట్టుకున్నాను.