అతుకులో వెంట్రుక

లేసు బల్లగుడ్డలో వెంట్రుక వచ్చిందని నరసాపురం షావుకారు రెండోసారి మూట వెనక్కి పంపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అరుగు మీద అయిదుగురు ఆడవాళ్ళు లేసు అల్లుతారు. వాళ్ళలో మోకాళ్ళ దాకా జడ ఉన్నది లోవలక్ష్మికే. ఇంకెవరిదవుతుంది?

"నాది కాదండి పిన్నిగారూ, ఒట్టండి," అంది.

"ఆహా! మరి గోదాట్లో కొట్టుకొచ్చిందా?"

తలకి తువ్వాలు కట్టించాను. అయినా వెంట్రుక వచ్చింది. దాంతో పని మాన్పించేశాను. ఏడుస్తూ వెళ్ళిపోయింది. నేనేం కరగలేదు.

ఆ వారం సరుకు నేనే గుమ్మంలో వెలుతురుకి పట్టి చూశాను. మళ్ళీ వెంట్రుకలే, ఒకటి కాదు మూడు. అల్లిన ముక్కల్లో ఎక్కడా లేవు. ముక్కకీ ముక్కకీ మధ్య అతుకులోనే ఉన్నాయి. ముక్కలు అతికేది మా సాయిదుర్గ ఒక్కతే. నా కూతురు.

ఛ, దాని మీద అనుమానమేంటి అనుకున్నాను. ఈమధ్య అదంటే నాకు మరీ మురిపెం. బొద్దుగా ఉండే పిల్ల రెండు నెలల్లో ఇరవై కిలోలు తగ్గింది. జాకెట్లన్నీ బిగించాం. "మా పిల్లని చూశారా?" అని వీధంతా చెప్పుకున్నాను కూడా.

కానీ ఇంట్లో ఉన్నా తల మీంచి చున్నీ తియ్యదేం? దువ్వుకునేటప్పుడు తలుపు గడియ ఎందుకు? కంచం దొడ్లోకి పట్టుకెళ్ళి తినడమేంటి? అసలు దొడ్లో కుక్క అంత ఎందుకు బలిసింది?

మధ్యాహ్నం చప్పుడు చెయ్యకుండా వెనకాలే వెళ్ళాను. చేపల పులుసూ అన్నం కుక్కకి పెడుతోంది.

"ఏమే, ఏంటిది!" అని చున్నీ లాగాను. పాపిడి ఉండాల్సిన చోట వేలెడు వెడల్పున మాడు కనిపించింది.

"రెండు నెలల్నుంచీ సన్నబడే పౌడరు కలిపిన నీళ్ళేనమ్మా," అంటూ కుడి డొక్క పట్టుకుని అక్కడే కూలబడింది.

డాక్టరమ్మ స్కానింగ్ చూసింది. "ఇంత తొందరగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు పడతాయమ్మా. పడ్డాయి కూడా. జుట్టు రాలడం, కళ్ళు తిరగడం తిండి లేకే. తగ్గాలనుకుంటే వారానికి అరకిలో, మహా అయితే కిలో. ముందు మెల్లగా తినడం మొదలుపెట్టాలి. ఇంట్లో ఎవరూ చూసుకోలేదా?"

లేసులో ప్రతి వెంట్రుకా చూశాను. నా పిల్లనే చూసుకోలేదు.

ఇంటికొచ్చి అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాను. సాయిదుర్గ నోరు తెరవలేదు. పక్కనున్న నా ఫోను కేసి చూసింది. దాని ఫోటో తెర మీద కనబడుతోంది. సన్నబడ్డాక తీసిందది, కిందటి నెల నేనే పెట్టుకున్నాను.

"అంతకు ముందెప్పుడూ నా ఫోటో పెట్టుకోలేదు కదమ్మా," అంది. "నేను తింటే తీసేస్తావా?"