మంగాయమ్మగారి తామరపువ్వు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో సుబ్బరామయ్య చేతికి ఓ పేరుండేది. బస్తాలో చెయ్యి పెట్టి ఓ పాయ నొక్కి చూశాడంటే, ఆ సరుకు ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పేసేవాడు. నిరుడు వేసవిలో ఆ చేతికే పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, కుడిచేతి వేళ్లు మాత్రం స్వాధీనంలోకి రాలేదు. కొట్టు కొడుకు మణిదీప్ చూసుకుంటున్నాడు. సుబ్బరామయ్య హాల్లో కూర్చుని డాక్టరిచ్చిన రబ్బరు బంతి నొక్కుతూ, విసుగొస్తే దాన్ని సోఫా కిందికి దొర్లించేస్తూ పొద్దు పుచ్చేవాడు.

కోడలు నిహారిక ఏలూరు పిల్ల. మధ్యాహ్నం పనయ్యాక కిటికీ పక్కన కూర్చుని, ఇంటూ గుర్తుల్లాంటి కుట్లతో బొమ్మలొచ్చే క్రాస్ స్టిచ్ కుట్టుకునేది. ఓ రోజు, గుడ్డ బిగించిన ఈ ఫ్రేమ్ కాస్త పట్టుకుంటారా మావయ్యగారూ అంటూ ఆయన కుడిచేతికి అందించింది. అది సాయం అడగడం కాదని ఆయనకు తెలుస్తూనే ఉంది. అయినా పట్టుకున్నాడు. కొన్నాళ్లు పట్టుకోవడంతోనే గడిచింది. తర్వాత ఓ మధ్యాహ్నం తానే అడిగాడు.

"నన్నోసారి కుట్టనియ్యమ్మా."

నిహారిక గళ్లుగళ్లుగా కన్నాలున్న మ్యాటీ గుడ్డముక్క తెచ్చింది. దాన్ని అడ్డంగా, నిలువుగా మడతపెట్టించి నట్టనడుమ గుర్తు పెట్టించింది, మొదలెట్టడం అక్కడినుంచేనట. ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు విడదీయించింది. ముడి వెయ్యకూడదని, దారం కొసను వెనకవైపు కుట్ల కింద అణచాలని చెప్పింది. మొద్దు మొన సూది కన్నంలో దిగేసరికి సుబ్బరామయ్య చొక్కా చెమటతో తడిసిపోయింది. చివరికి ఒక్క ఇంటూ గుర్తు పడింది. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. లారీలకు లారీలు సరుకు దింపించిన రోజుల్లో కూడా ఓ పని చేశానని ఇంత గట్టిగా అనిపించలేదు.

అన్ని రోజులూ ఒకలా ఉండేవి కావు. పై దారం ఒక కుట్టులో కుడికి, ఇంకోదాంట్లో ఎడమకు వాలేది. అన్నీ ఒకే వైపు వాలాలని చెప్పి నిహారిక ఊరుకునేది. విప్పుకోవడం ఆయన పని. విప్పుతుంటే కోపం వచ్చేది, మళ్లీ కుట్టేటప్పటికి చల్లారేది.

భార్య రుక్మిణికి మాత్రం ఇది మింగుడు పడలేదు. బజారువాళ్లు చూస్తే ఏమనుకుంటారని వీధి తలుపు వేసేది. నిజానికి ఆయనకూ సిగ్గే. గేటు చప్పుడైతే చాలు, ఫ్రేమ్ న్యూస్‌పేపరు కింద దాచేవాడు.

దెందులూరులో బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు గంగాధరరావు కలిశాడు. మార్కెట్లో పక్క కొట్టు ఆయనది. భోజనాల దగ్గర, పొద్దెలా పోతోందండీ అని అడిగాడు. టీవీ చూస్తారండీ అంది రుక్మిణి గబుక్కున. ఆ మాట సుబ్బరామయ్యకు ఎక్కడో గుచ్చుకుంది. తను చేస్తున్న తప్పేమిటి?

"కుట్టు నేర్చుకుంటున్నానండీ. క్రాస్ స్టిచ్," అన్నాడు.

పక్కవాళ్లు నవ్వారు. గంగాధరరావు నవ్వలేదు. ఆకులో ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఆ ఆదివారం ఆయన ఓ సంచి పట్టుకుని ఇంటికొచ్చాడు. అందులో టేబుల్ క్లాత్ ఉంది. చనిపోయిన భార్య మంగాయమ్మ కుట్టినది. ఆవిడ కొల్లేటి ఒడ్డున పుట్టిన మనిషి. నాలుగు మూలలా తామరపూలు కుడదామనుకుందట. ఒక పువ్వు పూర్తయింది. రెండోది రెండు రేకుల దగ్గర ఆగిపోయింది. ఆ పక్కనే సూది గుచ్చినది గుచ్చినట్టే ఉంది, తుప్పు పట్టి.

మీరు పూర్తి చేసి పెట్టాలని అడిగాడు గంగాధరరావు. సుబ్బరామయ్య గుడ్డ తిరగేసి చూశాడు. వెనకవైపు కూడా ఎంతో శుభ్రంగా ఉంది. తన వేళ్లు తలుచుకుంటే భయమేసింది. కానీ ఆయన కాదన్నది ఆ భయంతో కాదు.

"నేను కుడితే అది నా కుట్టవుతుందండీ. ఆవిడ కుట్టు పక్కన మీది ఉండాలి."

"నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదండీ. పాడుచేస్తే?"

"విప్పుకోవచ్చు. గుడ్డకేం కాదు. నేను చూపిస్తాను రండి."

అలా చలికాలమంతా ఆదివారాలు గంగాధరరావు వచ్చి విడిగుడ్డ మీద కుట్టడం నేర్చుకున్నాడు. చూపించడానికి సుబ్బరామయ్య తన చేతిని ఆయన ముందు పెట్టక తప్పేది కాదు, వణికితే వణికింది. రుక్మిణి కాఫీ ఇచ్చి వెళ్లిపోయేదల్లా, కొన్నాళ్లకు కూర్చుని పోగులు విడదీసి ఇవ్వడం మొదలుపెట్టింది. తుప్పు మరక నిమ్మరసంతో పోతుందంది నిహారిక. గంగాధరరావు సూది తీయించి, మరకను ఉండనిచ్చాడు.

చలి తగ్గాక ఓ ఆదివారం ఆయన మంగాయమ్మ గుడ్డ మీద సూది పెట్టాడు. కుట్టు కొంచెం వదులుగా పడింది. బొటనవేలితో దాన్ని ఓసారి తడిమి, పక్క కన్నంలోకి వెళ్లాడు. కుడుతూ, పెళ్లయిన కొత్తలో ఆవిడ తనను పడవెక్కించి కొల్లేట్లోకి తీసుకెళ్లిందని, పడవ ఊగితే తను భయపడి ఆవిడ చెయ్యి పట్టుకున్నానని చెప్పాడు. ఇన్నేళ్లు పక్క కొట్లోనే ఉన్నా సుబ్బరామయ్య ఎప్పుడూ వినని కబుర్లవి.

చొక్కా గుండీలు ఇప్పటికీ రుక్మిణే పెడుతోంది. అయినా సుబ్బరామయ్య ఆ కబుర్లు వింటూ, తన ఫ్రేమ్ ఒళ్లోకి తీసుకుని సూది కోసం చెయ్యి చాచాడు.