వదిన కాలికింద బ్రేకు

లారీకి బ్రేకు ఒక్కటే ఉంటుందంటే మరదలు ఒప్పుకోదు. రెండోది పక్కసీటు ముందు, వదిన కాలికింద ఉంది. మలుపు వచ్చినప్పుడల్లా వదిన దాన్ని కసిదీరా తొక్కుతోంది.

"బడిపిల్లల బస్సు ఏళ్ల తరబడి నడిపాను వదినా. ఒక్క పిల్ల మోకాలైనా గీరుకోలేదు."

"పిల్లలు కుట్టరుగా," అంది వదిన.

ఆ మాటకు తిరుగులేదు. వెనక వల కప్పిన పెట్టెల్లో ఉన్నవి తేనెటీగలు. ఒకే ఒక్క పెట్టెతో మొదలుపెట్టి వదిన వాటిని లారీ నిండా చేసింది. ఏటా పూలున్న చోటికి తనే తోలుకుపోయేది. ఈసారి చెయ్యి విరిగి కట్టులో ఉంది కాబట్టి, గత్యంతరం లేక తమ్ముడి పెళ్లానికి స్టీరింగ్ ఇచ్చింది. ఇచ్చిందన్నమాటే గానీ, ప్రాణమంతా ఇంకా దాని మీదే పెట్టుకుంది.

రాత్రంతా నడిపి, ఎండెక్కకముందే పొద్దుతిరుగుడు చేలకు చేరాలని లెక్క. మూసిన పెట్టెలు ఎండలో ఆగాయంటే లోపల మైనం కరిగి ఈగలు ఉడికిపోతాయి. లారీ పరుగెత్తినంతసేపే వాటికి గాలి.

తెల్లారాక ఫోను చూపిన అడ్డదారి గతుకులతోనే అయినా చేలమధ్య నుంచి సాగింది. ఎవరి చేలో, ఏ ఊరివో తెలియదు. ఎటు చూసినా కోత అయిపోయిన మోళ్లు, మధ్యలో లారీ పట్టీపట్టనట్టున్న రోడ్డు. మరదలు ఈల వేసుకుంటూ నడుపుతోంది. కాలవ దగ్గర ఈల ఆగింది. వంతెన సగమే ఉంది.

వదిన బాగున్న చేత్తో నెత్తి కొట్టుకుంది. "వెనక్కి తిప్పు! ఆపకు, గాలి ఆడనీ!"

"ఈ గతుకుల్లో పడి పెద్దరోడ్డెక్కేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. నడకలా పోతుంటే గాలెక్కడిది?"

వెనక రొద మారింది. అప్పటిదాకా గొణుగుతున్న పెట్టెలు హోరెత్తాయి. ఆ హోరంటే లోపల ఉడుకెక్కుతోందని మరదలికి నేర్పింది వదినే. అయినా గాభరాపడే ముందు చుట్టూ చూడటం బస్సు నేర్పిన అలవాటు.

కాలవగట్టు పక్కన పుచ్చతోట పూతమీద ఉంది. ఒక రైతమ్మ వంగి, ఒక పువ్వు తుంచి ఇంకో పువ్వులో అద్దుతోంది. మరదలు లారీ దిగి పరుగెత్తింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు రాస్తున్నా. తేనెటీగన్నది ఇటు రావడమే మానేసింది. ఒక్క పిందె నిలవడం లేదు."

"మందు కొట్టావా?"

"పూత మొదలయ్యాక ముట్టుకోలేదు. చుట్టూ ఉన్నవన్నీ కోసిన చేలే, కొట్టేవాళ్లూ లేరు."

అంతే. మరదలు తిరిగొచ్చి లారీని గట్టుమీది చెట్లనీడలోకి పోనిచ్చి ఆపేసింది. "ఇక్కడే విప్పేద్దాం వదినా."

"పిచ్చా నీకు? ఒకసారి బయటికొస్తే ఆ చోటే ఇల్లనుకుంటాయి. మళ్లీ అవన్నీ పెట్టెలు చేరేదాకా, చీకటిపడేదాకా, కదలలేం. అక్కడ పొద్దుతిరుగుడు రైతు పూలు పెట్టుకుని మనకోసం కూర్చున్నాడు!"

"కూర్చోనీ, రేపు చేరతాం. బతికున్న ఈగలేగా ఆయనకి కావలసింది?"

వదిన దిగి, బాగున్న చేత్తో వల ముడులు విప్పసాగింది.

మరదలు ముసుగు వేసుకుని ఒక్కో పెట్టె ద్వారం తీసింది. మణికట్టు మీద కుట్టించుకుంది కూడా. ఈగలు గుప్పున లేచి, గిర్రున తిరిగి, కొత్త చోటు గుర్తులు చూసుకుని తోటలోకి దిగాయి. రైతమ్మ చేతిలో పువ్వు పట్టుకునే నోరెళ్లబెట్టింది. వదిన ఒక్కో పెట్టెకూ చెవి ఆనించి విన్నది. చివరి పెట్టె దగ్గర కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అన్నీ బతికాయే," అంది.

చీకటిపడుతుండగా ఈగలన్నీ గూళ్లకు చేరాయి, ద్వారాలు మూశారు. రైతమ్మ వదిన పక్కకొచ్చి అడిగింది. "వచ్చే పూతకు మళ్లీ వస్తారా అమ్మా?"

"నన్నడుగుతావేం?" వదిన స్టీరింగ్ వైపు గడ్డం ఎగరేసింది. "దారులన్నీ ఆవిడకే తెలుసు."

ఆవిడకీ తెలియదు. ఫోను కూడా ఎప్పుడో చచ్చింది. అయినా మరదలు ఈల అందుకుని, ముక్కూమొహం తెలియని మలుపు ఒకటి తిప్పింది. ఇక తొక్కుడు మొదలవుతుందనుకుని పక్కకు చూసింది.

వదిన రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకుని, గుర్రుపెట్టి నిద్రపోతోంది.