బోరునీళ్ల ఉస్తాద్

పటాన్‌చెరు హైవే పక్కన నలభై ఏళ్లు లారీలు బాగుచేసిన సుందర్‌రాజు ఉస్తాద్ అంటే ఆ దారిన తిరిగే డ్రైవర్లందరికీ గురి. మనిషి బంగారం. పట్టు మాత్రం ఉడుంపట్టు. ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్‌లో బోరునీళ్లు తప్ప మరొకటి పోయనిచ్చేవాడు కాదు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను ఆపే చిన్న వాల్వు ఒకటుంటుంది కదా, లారీ షెడ్డుకు రాగానే ముందు దాన్ని పీకేసేవాడు. "గొంతుల అడ్డం పెట్టుకొని ఎవడన్న నీళ్లు తాగుతడా?" అనేవాడు. అలా పీకిన వాల్వులన్నీ ఒక తీగకు గుచ్చి దండలా షెడ్డు గోడకు వేలాడదీశాడు. పతకాలు గెలిచినవాళ్లు కూడా అంత ముచ్చటగా వేలాడదీసుకోరు.

మోకాళ్లు మొరాయించాక షెడ్డును శిష్యుడు చంద్రకాంత్‌కు అప్పగించి, ఏడాదిగా కందిలో ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఒక బుధవారం రాత్రి అన్నం తింటూ తింటూ కోడలు క్లారాతో అన్నాడు కదా, "బిడ్డా, నీ కారుకు కూలెంటు మార్చే టైమయింది. ఆదివారం నేనే మారుస్త."

క్లారా హడలిపోయింది. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం ఆమెది. రెక్కలు ముక్కలు చేసుకుని సొంత జీతంతో కొనుక్కున్న కారు. సెకండ్ హ్యాండే అయినా ఈ కాలపు బండి, ఇంజన్ అల్యూమినియంది. దాంట్లో ఉప్పు బోరునీళ్లు పోసి వాల్వు పీకితే ఇంకేముంది, దాని బతుకు బస్టాండే. పోనీ వద్దందామా? ఏడాదిగా మంచం అంచున కూర్చుని రోడ్డు మీది లారీల చప్పుడు వింటున్న మనిషి ఇన్నాళ్లకు నోరు తెరిచి పని అడిగాడు. కారు చెడితే బాగుచేయించవచ్చు, ఆయన మనసు విరిగితే ఏ షెడ్డులో అతుకుతారు?

భర్త రాబిన్‌తో చెప్పుకుంది. "నాయిన పనిల నేను వేలు పెట్టాల్నా? నాతోని గాదు తల్లీ" అని దుప్పటి ముసుగుతన్నాడు. భలే మొగుడు దొరికాడు!

ఇక తానే ఒక ఉపాయం ఆలోచించింది. ఆదివారం మామయ్యను తన ఇష్టం వచ్చినట్టు చేసుకోనిస్తుంది. సోమవారం చడీచప్పుడు లేకుండా, కొత్త కార్ల పని కూడా నేర్చిన చంద్రకాంత్ దగ్గర అంతా కడిగించి, వాల్వు పెట్టించి, మళ్లీ సరైన కూలెంటు పోయిస్తుంది. ఇటు బండీ దక్కుతుంది, అటు మామయ్య మర్యాదా దక్కుతుంది.

శనివారం డ్యూటీ దిగి, ఆ మాట చంద్రకాంత్ చెవిన వేద్దామని షెడ్డు దగ్గర కారాపింది. గేటు దాకా వెళ్లి ఆగిపోయింది. లోపల, ఆ వాల్వుల దండ కిందే, తిరగేసిన డబ్బా మీద మామయ్య కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఎవరిదో కారు బానెట్ తెరిచి ఉంది. చంద్రకాంత్ పక్కన నిలబడి చెబుతున్నాడు.

"కూలెంటు పోసినంక లోపలి గాలి ఎల్లిపోవాలె ఉస్తాద్. హీటర్ ఫుల్ పెట్టి ఇంజన్ నడిపియ్యాలె."

"ఆగు, మల్ల జెప్పు. నాకు జల్దీ ఎక్కుతలేదు. ఇంకోటి, ఉస్తాద్ అనకు. ఈడ నువ్వే ఉస్తాద్‌వి, నేను శిష్యుణ్ణి."

"అయ్యో, గదేం మాట!"

"ఉన్న మాట. నా బోరునీళ్లు, నా వాల్వు పీకుడు గా లారీలతోనే పోనీ. ఆ బిడ్డ కష్టపడి కొనుక్కున్నది. నా మొండితనం తెచ్చి దాని మీద రుద్దొద్దు. రోజూ వచ్చి అడుగుతున్నడని యాష్టపడకు, జెప్పు."

క్లారా చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి కారులో కూర్చుంది. కళ్లు నిండిపోయాయి. ఉస్తాద్ అనిపించుకోవడమే బతుకుగా బతికిన మనిషి, కోడలి కారు కోసం శిష్యుడి ముందు శిష్యుడై కూర్చున్నాడు. ఎంత పెద్ద మనసు మామయ్యా నీది, అనుకుంది. ఇంట్లో మాత్రం ఆ సంగతి ఎత్తలేదు.

ఆదివారం చర్చికి కారు తీయనివ్వలేదు ఉస్తాద్. ఇంజన్ వేడి మీద మూత తీస్తే ముఖం కాలుతుందని అందరినీ ఆటోలో తీసుకెళ్లాడు. తిరిగి వచ్చేసరికి వాడకట్టంతా గేటు దగ్గర చేరింది. ఉస్తాద్ మళ్లీ పానా పట్టాడంటే మాటలా! ఎదురింటి రామన్న అయితే కుర్చీ కూడా తెచ్చుకున్నాడు.

పాత కూలెంటు బొట్టు కింద పడకుండా డబ్బాలోకి దింపాడు. "తియ్యగుంటదట, నాకినయంటే సస్తయ్" అని వీధికుక్కను అదిలించాడు. డిస్టిల్డ్ వాటర్‌తో లోపలంతా కడిగాడు. ఆ తరువాత కోడలిని పిలిచాడు.

"బిడ్డా, బండి పుస్తకం తే. ఏ రకం పొయ్యమన్నడో సదువు. కొత్త డబ్బా మీద గదే ఉన్నదా లేదా సూడు."

క్లారా చదివి, అదేనంది. రామన్న ఊరుకుంటాడా?

"మా ఇంట్ల పచ్చరంగుది సగం డబ్బా ఉన్నది ఉస్తాద్. గది గూడ కలిపి పొయ్యరాదు?"

"రంగు జూసి తాగేది షర్బతు రామన్నా. ఇది రకం జూసి పోసేది. రెండు రకాలు కలిపితే లోపల జావయి కూసుంటది."

"అబ్బో! మరి వాల్వు సంగతేంది? నీ దండల ఇయ్యాల ఇంకోటి పడ్తదా?"

అందరూ గొల్లుమన్నారు. షెడ్డులో మాటలు విన్నది క్లారా ఒక్కతే. ఆయన ఇప్పుడు నవ్వేసి తప్పించుకున్నా అడిగేవాళ్లు లేరు.

సుందర్‌రాజు పానా కింద పెట్టి నిలబడ్డాడు.

"పడదు. దాన్ని ముట్ట. ఇంజన్‌కు ఎంత వేడి కావాల్నో అంత వేడి ఉంచేది గదే. ఇన్నేండ్లు నాకు తెల్వలే, పీకుకుంట పోయిన. మొన్న చంద్రకాంత్ దగ్గర కూసొని నేర్సుకున్న."

రామన్న కుర్చీలోంచి లేచాడు. "శెభాష్ ఉస్తాద్" అన్నాడు, ఈసారి వెక్కిరింపు లేకుండా.

కొత్త కూలెంటు పోశారు. రాబిన్‌ను లోపల కూర్చోబెట్టి, ఆ ఎండలో హీటర్ పూర్తిగా పెట్టించి ఇంజన్ నడిపించారు. తండ్రి పనిలో వేలు పెట్టనన్నవాడు నిలువెల్లా చెమటలు కక్కాడు. బాగా అయింది! బుడగలు వచ్చి వచ్చి ఆగిపోయాయి. కాసేపటికి, ఇంజన్ సరిగ్గా వేడెక్కగానే, ఫ్యాన్ దానంతటదే గుయ్యిమని తిరిగింది. "పాస్!" అని ఉస్తాద్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం ఇంజన్ చల్లారాక, తగ్గిన కూలెంటును గీత దాకా నింపి మూత బిగించాడు. చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"రేపు డ్యూటీకి పోయేటప్పుడు చంద్రకాంత్‌కు ఒకపారి సూపెట్టు బిడ్డా. కొత్త శిష్యుణ్ణి గద, తప్పుంటే దిద్దుతడు."

క్లారా తలెత్తలేకపోయింది. తాను చాటుగా చేద్దామనుకున్నదాన్ని ఆయన ఎంత సులువుగా అనేశాడు!

"అక్కర్లేదు మామయ్యా. నాకు నమ్మకమే."

"ఏంది అక్కర్లేదు? నమ్మకం వేరు, బండి వేరు."

"అయితే మీరు గూడ రండి. ఇద్దరం పోదాం."

సోమవారం పొద్దున చంద్రకాంత్ బానెట్ ఎత్తి, పైపులన్నీ తడిమి, ఇంజన్ నడిపి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. సుందర్‌రాజు మూడు రోజుల అలవాటు కొద్దీ ఆ తిరగేసిన డబ్బా వైపు నడిచాడు. చంద్రకాంత్ గబగబా ముందు పోయి దాని మీద తానే కూర్చున్నాడు.

పక్కనే ఉన్న ఉస్తాద్ పాత కుర్చీ వైపు చేయి చూపి, "కుర్చీ నీదే ఉస్తాద్" అన్నాడు.

క్లారాకు డ్యూటీ ఆలస్యమైంది. అయితే అయిందిలే అనుకుని, మామయ్య కుర్చీలో కూర్చునేదాకా అక్కడే నిలబడింది.