గోడకవతలి నీళ్ళు

వాకిట్లో కళ్ళాపి చల్లి, తులసికోట దగ్గర దీపం వెలిగించాక సుబ్బరావమ్మ పెరటి గోడ కింద పళ్ళెం పెట్టేది. పొయ్యి రాజుకునేసరికి గోడ చెమర్చి, పళ్ళెం నిండేది. అవతల తోడికోడలు నాగజ్యోతి తొట్టిలో నీళ్ళు ఆ మేరకు తగ్గేవి.

భర్త పేరయ్య పోయిన రోజు సుబ్బరావమ్మ ఏడవలేదు. ఆ కన్నీళ్ళ ఉప్పంతా లోపలే ఉండిపోయింది. ఉప్పున్న చోటికి నీళ్ళు పోతాయి గదా, ఊళ్ళో ఎవరికీ అది వింత కాదు. గుళ్ళో పూజారిగారు ఉద్ధరిణె వంచకముందే తీర్థం ఆమె అరచేతిలోకి దూకేది. ఆమె ఎదురైతే ఆడవాళ్ళు బిందెను అవతలి చంకకి మార్చుకుని, మాట్లాడకుండానే సాగిపోయేవాళ్ళు. ఆస్తి పంపకాలప్పటి నుంచీ నాగజ్యోతికీ ఆమెకీ మాటల్లేవు. తొట్టి మాత్రం గోడవారనే ఉంచేది.

ఆ ఏడు వానల్లేవు. "ఈసారి మిరప వెయ్యలేకపోతే పొలం కౌలుకిచ్చి వినుకొండ వచ్చెయ్యక్కా," అన్నాడు తమ్ముడు. సుబ్బరావమ్మ పెరట్లో నారు పోసింది. మొలకలు లేచాక, ఏటా పేరయ్య చల్లే యూరియా ఈసారి తనే చల్లింది, చేతికొచ్చినంత. మర్నాటికి మడి తడిగానే ఉంది, నారు మాత్రం తలలు వాల్చేసింది. ఇంకా నీళ్ళు పోసింది. ఇంట్లో నీళ్ళయిపోయాయి. నారు లేవలేదు.

"ఎరువెక్కువైందక్కా!" గోడమీంచి నాగజ్యోతి తల. "మాగాయ ముక్కకి ఉప్పు పట్టిస్తే ఊట దిగదూ? వేళ్ళలో నీళ్ళు అట్లా మట్టిలోకి పోతన్నాయి. మంచినీళ్ళు పారించి ఆ ఉప్పు కడిగెయ్యాలి. బావగారైతే పిడికెడే చల్లేవారు. నా తొట్టి నిండుగా ఉంది, గోడకానుకుని కూర్చో."

కూర్చుంది. గోడ తడిసింది, వీపు తడిసింది, నీళ్ళు మడిలోకి జారాయి. ‘బావగారు’ అన్న మాట దగ్గరే ఆగిపోయిన సుబ్బరావమ్మకి కళ్ళు కూడా తడిశాయి.

"ఏడిస్తే ఏడ్చావు గానీ కొంగులో ఏడువక్కా! మడిలో పడిందంటే మళ్ళీ ఉప్పే!"

ఏడుపులోనే నవ్వొచ్చింది. కొంగు పిండుకుంటూ పొద్దువాలేదాకా ఏడ్చింది. అప్పటికి గోడ పొడిగా ఉంది. అవతల తొట్టిలో నీళ్ళు సగానికి పైగా మిగిలే ఉన్నాయి, ఇటు రావడం మానేశాయి.

"ఇప్పుడెట్లా జ్యోతీ?"

కాసేపటికి వీధి తలుపు చప్పుడైంది. చంకలో ఒక బిందె, చేతిలో ఒక బిందె, నాగజ్యోతి.

"జరుగు," అంది.

నారు నిలబడింది. ఆ శనివారం గుళ్ళో పూజారిగారు ఉద్ధరిణె వంచేదాకా తీర్థం ఆగింది.